దరువు మాత్రమే

పది బై పది గది. మూడు మంచాలు, ఒక గ్యాస్ పొయ్యి,
మేకులకు ముగ్గురి చొక్కాలు.
చీమకుర్తి దుమ్ము ఏ చొక్కా ఎవరిదని అడగదు.

టేపు పెట్టి కొలిచాను:
గోడకీ నా మంచానికీ మధ్య నాలుగడుగుల ఏడంగుళాలు.
అందులో ఐదంగుళాలు మాలకొండయ్య ట్రంకుపెట్టెవి.
"జరపతాలే" అన్నాడు, అడక్కముందే.
"దాంతో ఏం జేస్తావో అది చెప్పు ముందు."

పొదిలి చర్చిలో, కాలితో తొక్కే పెట్టె ముందు
కరుణమ్మ టీచరు నా వేళ్ళు విడదీసి
ఒక్కో మెట్టు మీద ఒక్కోటి ఆనించి
"గుడ్డు పట్టుకున్నట్టురా, ఏసోబూ" అన్నదనీ,
ఇరవై రెండేళ్ళుగా ఆ గుడ్డు పగలనీకుండా
పాలిషింగు మిషను కాడ నిలబడ్డాననీ
ఎట్టా చెప్పేది?
"ఊరికే" అన్నాను.

ఒంగోలు ట్రంకు రోడ్డులో కొట్టు కుర్రాడు
ముందు తొమ్మిది వేలది తీశాడు.
అరవై ఒక్క మెట్లు, వంద రకాల చప్పుళ్ళు,
అందులో కుక్క అరుపొకటి.
మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే జవాబు,
మేస్త్రీ ముందు నిలబడ్డ కొత్త కూలీలాగా.

పక్కనున్నది నలభై రెండు వేలు.
ఎడమ కొసన బరువు,
కుడికి పోనుపోను తేలిక.
పలకని అరచేత్తో తడిమి మందం చెప్పేవాణ్ణి,
ఆ బరువు నాకు తెలిసిపోయింది.
ధర చీటీ చూసి చేతులు జేబులో పెట్టుకున్నాను.

ఆఖరికి అద్దంకిలో దొరికింది,
మూతబడ్డ ట్యూషన్ సెంటర్లో, పాత గుడ్డ కింద.
ఎనభై ఎనిమిది మెట్లు, పంతొమ్మిది వేలు.
ఎడమ చివర మెట్టొక్కటి మోగదు.
"దాని జోలికి ఎవురూ పోరులే" అన్నాడాయన.
పోనప్పుడు దానికి డబ్బులెందుకని
ఐదొందలు తగ్గించాను.
పరుపులో చుట్టి ఆటోలో తెచ్చాను, బిడ్డతల్లిని తెచ్చినట్టు.

మొదటి రాత్రి హెడ్‌ఫోను పెట్టుకున్నాను.
నా చెవుల్లో వాన.
బిజయ్ దిగ్గున లేచి కూచున్నాడు.
క్వారీలో పగలంతా డ్రిల్లు పట్టే మనిషి,
ఒడిశా నుంచి వచ్చి మూడేళ్ళు.
"భయ్యా, నేల కింద ఎవురో సుత్తితో కొడతన్నారు."

హెడ్‌ఫోను తీసి విన్నాను.
దబ్. దబ్ దబ్. దబ్.
పాటంతా నాకు, గుద్దులన్నీ వాళ్ళకి.
కొట్టు కుర్రాడు ఈ మాట చెప్పలేదు.

యార్డులో పారేసిన చుక్కల నల్లరాయి పలకొకటి
నలుగురం మోసుకొచ్చాం.
కింద లారీ ట్యూబు ముక్కలు, పైన పలక,
పలక మీద స్టాండు.
అప్పటికీ కొంచెం తెలుస్తానే ఉండాదన్నాడు బిజయ్,
కానీ ఇప్పుడు పక్కూళ్ళో కొడతన్నట్టుందట.
తొమ్మిది నుంచి పదిన్నర, అంతే.
కూర వండే వంతు నాదే, నెల పొడుగునా.

ఆదివారం. క్వారీలు నోరు మూసుకున్నాయి.
బిజయ్ పొయ్యి కాడ నుంచి "ఆ తీగ పీకు" అన్నాడు.
పీకాను. రోజూ వాయించేదే వాయించాను.
కనుబొమలు ముడేసి చివరిదాకా విని
"ఇది కాదు" అన్నాడు.
"ఇదే. నెల రోజులుగా ఇదే."
"కాదు భయ్యా. నేనిన్నదాంట్లో పడవుంది."

గరిట పక్కన పెట్టి కూనిరాగం తీశాడు.
దరువు నాదే. పాట నేనెప్పుడూ విననిది.
దుప్పటి కప్పుకుని ఎన్ని రాత్రులు కట్టుకున్నాడో.
నా వేళ్ళు దాని వెంట తడుముకుంటూ పోయాయి.
"ఇంకా కిందికి" అన్నాడు. "ఇంకా."
మాలకొండయ్య గడ్డం సబ్బుతోనే వచ్చి నిలబడ్డాడు.

ఎడమ చివరికంటా దిగిపోయాను.
మోగని మెట్టు.

దబ్.

"ఆఁ, అదే" అన్నాడు బిజయ్.